210లో ఒకటి, 16లో ఒకటి: మూడో నెల పరీక్షల గురించి ఒక కేసు

కిందటేడు ఆషాఢం ఆఖరి వారంలో చండూరు దిక్కు నుంచి ముగ్గురు మా నర్సింగ్ హోమ్‌కు వచ్చారు. ముప్పై మూడేళ్ల గర్భిణి, ఆమె భర్త, అత్తమ్మ. భర్త చేతిలో ఏదో ల్యాబ్ వాళ్ల కరపత్రం ఉంది. దాని మీద ‘డబుల్ మార్కర్ తప్పనిసరి’ అని ఎర్ర అక్షరాలు. కడుపులో బిడ్డకు డౌన్ సిండ్రోమ్ (క్రోమోజోము తేడా వల్ల పుట్టుకతో వచ్చే ఎదుగుదల లోపం) ఉండే అవకాశం ఎంతో మూడో నెలలో లెక్కకట్టే రక్తపరీక్ష అది. కుర్చీలో సర్దుకోకముందే అడిగాడు: “మేడమ్, గిది చేపియ్యాల్నా వద్దా? ఒక్క మాట చెప్పుర్రి.”

ఆ ఒక్క మాట తేలడానికి మాకు రెండు నెలలు పట్టింది.

ఈ కేసు రాస్తానంటే ఆమె ఒప్పుకుంది. సుజాత అని పిలుస్తాను, అది ఆమె పేరు కాదు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

మొదటి రోజు

నెల తప్పిన తేదీ లెక్కన ఆ రోజుకు 10 వారాల 5 రోజులు. సుజాతకు ఇది మూడో కడుపు. మొదటిది మామూలు కాన్పు, కూతురికి ఏడేళ్లు. రెండోది రెండేళ్ల కింద ఎనిమిదో వారంలో పోయింది. బీపీ, షుగర్, థైరాయిడ్ ఏమీ లేవు. హిమోగ్లోబిన్ 10.4. పెళ్లి మేనరికం. భర్త సొంత మేనత్త కొడుకు, అంటే పక్కన కూర్చున్న అత్తమ్మ ఆమె నాన్నకు తోబుట్టువు. మా ఓపీలో ఇది వింతేమీ కాదు. నేను అడిగితే “బయటి సంబంధం కాదు మేడమ్, మా ఇంటిదే” అని సంతోషంగానే చెబుతారు.

మేనరికం అనగానే నేను ముందు రాసేది డబుల్ మార్కర్ కాదు, హెచ్‌పీఎల్‌సీ. తలసీమియా లోపం లోపల దాగి ఉందేమో చెప్పే రక్తపరీక్ష అది. మొగుడూ పెళ్లాం ఇద్దరిలోనూ ఆ లోపం దాగి ఉంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు బిడ్డకు జబ్బు రావచ్చు. రిపోర్టులో హెచ్‌బీ ఏ2 అనే అంకె 3.5 దాటితే ఆగి చూస్తాం. సుజాతకు 2.7 వచ్చింది. రక్తం తక్కువున్నవాళ్లలో ఐరన్ లోపం వల్ల ఈ అంకె కాస్త కిందికి దిగి మోసం చేయగలదు. అందుకే భర్తకూ చేయించమన్నాను. ఆయనదీ మామూలుగానే ఉంది.

ఇక కరపత్రం సంగతి. డబుల్ మార్కర్ తప్పనిసరి అని ఏ చట్టమూ చెప్పలేదు. అట్లాగని ‘నీ వయసుకు ఏం అవసరం లేదు పో’ అని పంపేయడమూ తప్పే. ఇట్లాంటి పరీక్ష ఒకటి ఉందని వయసుతో పని లేకుండా ప్రతి గర్భిణికీ చెప్పాలి. చేయించుకోవడం, మానడం ఆమె ఇష్టం.

నేను చెప్పింది దాదాపు ఇది. 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపు, కడుపులో బిడ్డ పొడవు 45 నుంచి 84 మిల్లీమీటర్ల మధ్య ఉన్నప్పుడు, మెడ వెనక నీటి పొర మందం కొలుస్తారు. అది ఎన్‌టీ స్కాన్. అవే రోజుల్లో తల్లి రక్తంలో రెండు పదార్థాలు చూస్తారు. అది డబుల్ మార్కర్. రెండింటికీ తల్లి వయసు కలిపి కంప్యూటర్ ఒక లెక్క కడుతుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పది మంది పిల్లల్లో ఎనిమిది, తొమ్మిది మందిని ఈ లెక్క పట్టుకుంటుంది. కానీ ఏ తేడా లేని బిడ్డను మోస్తున్న ప్రతి వంద మందిలో ఐదుగురికి కూడా ‘హై రిస్క్’ అని వస్తుంది. ఆ ఐదుగురూ కొన్ని వారాలు నిద్ర లేకుండా గడపాలి. ల్యాబ్ కరపత్రాల్లో మొదటి సగం మాత్రమే రాస్తారు.

అత్తమ్మకు ఈ లెక్కలు పట్టలేదు. “వంకర పిల్లలు పుడ్తరా లేదా, గది చెప్పు బిడ్డా,” అంది. ఆమె పుట్టిల్లు మర్రిగూడ దిక్కు. నడుములు వంగిపోయిన మనుషులను, వంకర తిరిగిన కాళ్లతో బడికి పోయే పిల్లలను చూస్తూ పెరిగింది. ఆమె భయాన్ని తీసిపారేయలేం. కానీ ఫ్లోరైడ్ కథ వేరు. అది ఏళ్ల తరబడి బోరు నీళ్ల ద్వారా ఎముకల్లో చేరి వాటిని వంచుతుంది. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని మన జిల్లా పేరే పెట్టారంటే ఇక్కడి వాళ్లు ఎంత పడ్డారో అర్థమవుతుంది. డౌన్ సిండ్రోమ్ అంటే 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉండటం. నీళ్లతో, గ్రహణంతో దానికి సంబంధం లేదు. మేనరికంతోనూ లేదు. తల్లి వయసుతో ఉంది: 33 ఏళ్లకు సుమారు 600లో ఒకటి, 40 ఏళ్లకు 100లో ఒకటి.

మేనరికంతో సంబంధం లేదన్నప్పుడు భర్త తల ఎత్తి చూశాడు. చాలామంది ఈ పరీక్షను మేనరికం పరీక్ష అనుకునే చేయించుకుంటారు. మేనరికంలో ఎక్కువయ్యేవి వేరే జబ్బులు. ఒకే లోపం తల్లిలోనూ తండ్రిలోనూ దాగి ఉండి, రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరితే వచ్చేవి. బయటి సంబంధాల్లో నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలకు పుట్టుకతో ఏదో ఒక పెద్ద లోపం ఉంటుందనుకుంటే, మేనబావను చేసుకున్నవాళ్లలో అది ఇంచుమించు రెట్టింపు. వీటి జాడ డబుల్ మార్కర్‌లో దొరకదు. వెతకాలంటే ఏ జబ్బో ముందు తెలియాలి. అది తెలియాలంటే ఇంట్లో ఎవరికుందో తెలియాలి.

అందుకని అడిగాను: “మీ రెండు ఇండ్లల్ల పుట్టుకతోని జబ్బున్నోళ్లు, చిన్నప్పుడే పోయినోళ్లు ఎవరన్న ఉన్నరా?”

“ఎవ్వరు లేరు మేడమ్,” అన్నాడు భర్త. అత్తమ్మ గోడ మీద పోస్టర్ చూస్తోంది. సుజాత తల వంచుకుని ఉంది. నేను ‘ఫ్యామిలీ హిస్టరీ: ఏమీ లేదు’ అని రాసి కింద గీత గీశాను. ఆ రోజు ఓపీలో అరవై రెండు మంది ఉన్నారు. సాకు కోసం చెప్పడం లేదు, ఆ గీత ఎంత తొందరగా గీశానో చెబుతున్నాను.

ఇంకా వారం పది రోజుల టైముంది కాబట్టి ఇంటికి పోయి ఒక్క సంగతి మాట్లాడుకుని రమ్మన్నాను. రిపోర్టు తేడాగా వస్తే తర్వాత ఏం చేస్తారు?

ఈ ప్రశ్న ఎందుకు అడుగుతానంటే

మొదట్లో నేనూ అడిగేదాన్ని కాదు. కొన్నేళ్ల కింద ఇరవై నాలుగేళ్ల అమ్మాయి వస్తే, మిగతా రక్తపరీక్షలతో పాటు డబుల్ మార్కర్‌కూ ఒక టిక్కు పెట్టాను. అదేం పరీక్షో ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ల్యాబ్ వాళ్లు శనివారం సాయంత్రం రిపోర్టును భర్త ఫోనుకు వాట్సాప్‌లో పంపారు. 1:190, పక్కన ఎర్రగా ‘హై రిస్క్’. నేను సూర్యాపేటలో పెళ్లిలో ఉన్నాను, ఫోన్ ఎత్తలేదు. ‘190లో ఒకటి’ అన్నదాన్ని ఇంట్లోవాళ్లు ‘బిడ్డ బాగాలేదు’ అని చదువుకున్నారు. ఆదివారం మెడికల్ షాపులో కడుపు పోయే గోళీలు కొని వేశారు. సోమవారం తెల్లవారుజామున ఆ అమ్మాయి ఆటోలో రక్తం కారుతూ వచ్చింది. రెండు బాటిళ్ల రక్తం ఎక్కించి బతికించుకున్నాం. బిడ్డకు నిజంగా ఏమైనా ఉండెనో లేదో ఎప్పటికీ తెలియదు. కొన్నాళ్లు ల్యాబ్ వాళ్లను తిట్టుకున్నాను. టిక్కు పెట్టింది మాత్రం నేనే.

అప్పటి నుంచి రెండు నియమాలు పెట్టుకున్నాను. ఈ రిపోర్టు నాకే రావాలి. శుక్ర, శనివారాల్లో నేను దాన్ని ఎవరికీ చదివి చెప్పను.

రెండో రాక

12 వారాల 4 రోజులకు వచ్చారు. ఆడా మగా చూడటానికి కాదని చట్టం ప్రకారం నింపే ఫారం ఎఫ్ మీద సంతకాలయ్యాక స్కాన్ జరిగింది. బిడ్డ పొడవు 62 మిల్లీమీటర్లు, మెడ వెనక పొర 1.7. ముక్కు ఎముక కనిపిస్తోంది, పుర్రె గుండ్రంగా పూర్తిగా ఉంది, చేతులు కాళ్లు ఆడుతున్నాయి. చేతిలో డబ్బు ఒక్క పరీక్షకే ఉంటే ఏది చేయించాలి అని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే: అనుభవం ఉన్న చేతితో చేసిన ఈ స్కాన్. తల ఏర్పడకపోవడం లాంటి పెద్ద లోపాలు ఇక్కడే బయటపడతాయి. రక్తపరీక్ష వాటిని చూడదు.

స్కాన్ అయ్యాక భర్తను ల్యాబ్‌కు, తన హెచ్‌పీఎల్‌సీ రిపోర్టు తెమ్మని పంపాను. అత్తమ్మకు బీపీ చూస్తానని మా సిస్టర్ బయట కూర్చోబెట్టింది. ఇది మా పాత ఉపాయం. ఐదు నిమిషాలైనా గర్భిణితో ఒంటరిగా మాట్లాడకపోతే ఆమె ఏం కోరుకుంటున్నదో తెలియదు.

“నువ్వేమనుకుంటున్నవమ్మా?”

“నాకైతే తెల్సుకోవాలనే ఉన్నది మేడమ్. తీసేపిచ్చుకునేటందుకు కాదు.” కాసేపు ఆగింది. “మా అక్క కొడుకును జూసిన. రెండేండ్లు వచ్చేదాంక ఎవ్వరు ఏం చెప్పలే. లేటుగ నడుస్తడు, లేటుగ మాట్లాడ్తడు అన్నరు. హైదరాబాద్ పోవుడు, వచ్చుడు, గంతే. ముందుగాల తెలిస్తే అక్క గంత ఆగమైతుండెనా?”

డౌన్ సిండ్రోమ్ పరీక్ష చేయించుకునేవాళ్లంతా బిడ్డను వద్దనుకోవడానికే చేయించుకుంటారని చాలామంది డాక్టర్లు కూడా అనుకుంటారు. ‘తేడా వచ్చినా తీయించుకోను అంటున్నవు కదా, మరి పరీక్షెందుకు’ అని నేనూ ఎందరినో ఆపాను. తెలిస్తే గుండెకు స్కాన్ ముందే చేయించొచ్చు, పిల్లల డాక్టరున్న చోట కాన్పు పెట్టుకోవచ్చు, ఇంట్లోవాళ్ల మనసు సిద్ధం చేసుకోవచ్చు. సుజాతకు కావలసింది అది. దానికి ఈ పరీక్ష సరిపోతుంది కూడా.

కానీ ఆమె మాటల్లో నన్ను పట్టుకున్నది వేరే ముక్క. “మీ అక్కను ఎవరికిచ్చిర్రు?”

“మా బావకే మేడమ్. మా ఆయన వాళ్ల అన్న. అక్కనే నాకు యారాలు.”

కేసు షీటు వెనక్కి తిప్పి, ‘ఏమీ లేదు’ అని గీత గీసిన చోటు చూశాను. ఇద్దరు అక్కాచెల్లెళ్లు, ఇద్దరు అన్నదమ్ములు, అందరూ ఒకే మేనరికం. అందులో ఒక జంటకు పదేళ్ల కొడుకు. నడవడు, మాట రాదు, కాళ్లు బిగుసుకుని ఉంటాయి. భర్త లెక్కలో అది పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు, ‘కాన్పుల ఉమ్మనీరు మింగిండు’. అత్తమ్మ లెక్కలో నీళ్ల దోషం. వాళ్లెవరూ నాకు అబద్ధం చెప్పలేదు. ‘పుట్టుకతో జబ్బు’ అని నేను అడిగాను, వాళ్లకు తెలిసినంతలో ఇంట్లో పుట్టుకతో జబ్బు లేదు.

కాగితం మీద లెక్క వేశాను. ఆ పిల్లవాడిది నిజంగా దాగిన లోపం వల్ల వచ్చిన జబ్బైతే, వాడి తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ ఆ లోపం ఉన్నట్టే. చెల్లెలైన సుజాతలో అది ఉండే అవకాశం సగం. తమ్ముడైన భర్తలో సగం. ఇద్దరిలోనూ ఉండే అవకాశం నాలుగింట ఒకటి. ఇద్దరిలోనూ ఉంటే బిడ్డకు జబ్బు రావడం మళ్లీ నాలుగింట ఒకటి. మొత్తం మీద 16లో ఒకటి. ఇంటిల్లిపాదీ 600లో ఒకటి గురించి తర్జనభర్జన పడుతుంటే, ఈ అంకె పదేళ్లుగా ఆ ఇంట్లోనే మంచం మీద పడుకుని ఉంది.

ఆ ఐదు నిమిషాల్లో ఇంకోటి కూడా అడిగాను, అడగక తప్పదు కాబట్టి. మొదటిది ఆడపిల్ల, ఈ పరీక్షల కోసం తొందర అందుకేనా? “అత్తమ్మకు ఉన్నది మేడమ్, మా ఆయనకు లేదు,” అంది. 1994 చట్టం ప్రకారం ఆడో మగో చెప్పడం నేరమని, ఖరీదైన రక్తపరీక్షలో కూడా మన దేశంలో ఆ వివరం ఇవ్వరని అత్తమ్మకు వినబడేలా తలుపు తీసి మరీ చెప్పాను.

డబుల్ మార్కర్‌కు రక్తం తీశాం. రిపోర్టు నాకు వస్తుంది, సుజాతను పిలిచి నేనే చెబుతాను. ఒప్పందం అది. అక్క కొడుకు కాగితాలు ఏమున్నా తెమ్మన్నాను.

రెండు దారులు

ముందు రిపోర్టు సంగతి. 210లో ఒకటి. ల్యాబ్ వాళ్ల గీత 250 దగ్గర ఉంటుంది కాబట్టి ‘హై రిస్క్’. వయసు ప్రకారం 600 ఉన్నది, రక్తంలోని అంకెల వల్ల 210కి దిగింది. చూసిన రెండు పదార్థాల్లో ఒకటి పెరిగింది, రెండోది, పాప్-ఏ అనేది, బాగా తగ్గి, మామూలుగా ఉండాల్సిన దాంట్లో 0.38 వంతు ఉంది.

భర్తకు మూడెకరాల బత్తాయి తోట. అందుకని బస్తా లెక్కలో చెప్పాను. 210 కాయలంటే దగ్గరదగ్గర ఒక బస్తా, అందులో ఒక్క కాయ. “అంటే బస్తా మంచిదే గద మేడమ్,” అన్నాడు. కాసేపాగి, “గా ఒక్క కాయ మా ఇంటికే వస్తే?” అన్నాడు. దానికి నా దగ్గర ఎప్పుడూ జవాబు లేదు. అంకె ఊరందరికీ పనికొస్తుంది, ఇంటికి వచ్చేది ఒక్క బిడ్డే.

“గోళీలు ఏసుకుంటె అయిపాయె గద,” అంది అత్తమ్మ. కోపంతో కాదు, అలసిపోయి. పెద్ద మనవడిని పదేళ్లుగా ఎత్తి స్నానం చేయిస్తున్నది ఆమే అని తర్వాత తెలిసింది. ఇది జబ్బు ఉందని చెప్పే రిపోర్టు కాదని, దీన్ని చూసి గర్భం తీయడం తప్పని చెప్పాను. 2021లో సవరించిన చట్టం ప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టరు, కొన్ని కారణాలకు 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్లు, ఆపైన బిడ్డకు తీవ్రమైన లోపం తేలితే మెడికల్ బోర్డు నిర్ణయిస్తారని, దేనికైనా కావలసింది సుజాత సంతకమేనని చెప్పాను. తొందరేమీ లేదని వాళ్లకు అర్థం కావాలి. గోళీలు మింగేది ఎప్పుడూ తొందరలోనే.

ఈ రిపోర్టు తర్వాత చేయగలిగినవి మూడు. ఏమీ చేయకుండా ఐదో నెల స్కాన్ దాకా ఆగడం ఒకటి. 15 వారాలు దాటాక సూదితో ఉమ్మనీరు తీసి ఖాయంగా తెలుసుకోవడం రెండోది. దానివల్ల గర్భం పోయే ప్రమాదం 200లో ఒకటి, మంచి చేతుల్లో ఇంకా తక్కువ. మూడోది ఎన్ఐపీటీ. బిడ్డ డీఎన్ఏ ముక్కలు తల్లి రక్తంలో తిరుగుతుంటాయి, వాటిని లెక్కపెట్టే పరీక్ష. డౌన్ సిండ్రోమ్‌ను నూటికి 99 పాళ్లు పట్టుకుంటుంది, తప్పుడు గంట మోగించడం వెయ్యికి ఒకటి. అయినా అదీ ఖాయం చేసేది కాదు. తేడా వస్తే సూది పరీక్షతో నిర్ధారించుకోకుండా ఏ అడుగూ వేయకూడదు.

సుజాత సూది వద్దంది. ఒక కడుపు పోయినామెకు 200లో ఒకటి అనేది చిన్న అంకె కాదు. ఎన్ఐపీటీకి పద్నాలుగు వేలు అయ్యింది. తొమ్మిది రోజులకు రిపోర్టు వచ్చింది. లో రిస్క్, పది వేలలో ఒకటి కన్నా తక్కువ. మరి నేరుగా ఇదే చేయించి ఉంటే డబుల్ మార్కర్ డబ్బూ, ఆ తొమ్మిది రోజుల టెన్షనూ మిగిలేవి కదా అని భర్త అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. డబ్బు ఇబ్బంది లేనివాళ్లకు ఎన్‌టీ స్కాన్, దాంతోపాటు ఎన్ఐపీటీ అని నేనూ చెబుతాను. కానీ ఈ కేసులో డబుల్ మార్కర్ ఎవరూ అడగని మేలు ఒకటి చేసింది. పాప్-ఏ తక్కువున్నవాళ్లలో మాయ సరిగా పనిచేయక బిడ్డ బరువు తగ్గడం, తల్లికి బీపీ రావడం ఎక్కువ. అందుకే 14వ వారం నుంచి రాత్రి పూట 150 మిల్లీగ్రాముల ఆస్ప్రిన్ మొదలుపెట్టాను. ఎన్ఐపీటీ ఒక్కటే చేయించి ఉంటే ఆ మాత్ర నేను రాసేదాన్నో కాదో.

ఇక రెండో దారి, అక్క కొడుకు. ఇది కష్టమైంది. పిల్లవాడిని ముందు పరీక్షించకుండా సుజాత బిడ్డలో దేనికోసం వెతకాలో తెలియదు. హైదరాబాద్ నిమ్స్‌లో జెనెటిక్స్ విభాగం ఉంది, చీటీ రాసిచ్చాను. అక్క రానంది. ఫోన్‌లో మాట్లాడితే, “ఇన్నేండ్లు మా పిలగాన్ని ఎవ్వరు పట్టించుకోలే. ఇప్పుడు గిట్లాంటోడు మళ్ల పుట్టొద్దని వాన్ని తీస్కపోవాల్నా?” అంది.

ఏం చెప్పాలో తోచలేదు. ఆమె అన్నది అక్షరాలా నిజం. చెల్లెలి కడుపులోని బిడ్డ మీద నాకున్న శ్రద్ధలో పదో వంతు కూడా ఆ పిల్లవాడి మీద లేదు, అప్పటిదాకా వాడి పేరు కూడా నేను అడగలేదు. అడిగాను. ఎన్ని ముద్దలు తింటాడు, ఫిట్స్ వస్తాయా, వ్యాయామం ఎవరు చేయిస్తున్నారు అని అడిగాను. పావుగంట మాట్లాడింది. చివర్లో తనే, “పోతే నాకు మళ్ల పిల్లలైతరో కాదో గది గూడ చెప్తరా?” అంది. ఇదే భయంతో పదేళ్లుగా ఇంకో కాన్పు మాటే ఎత్తలేదట.

పోయారు. బీరువాలో ప్లాస్టిక్ కవర్లో దాచిన పుట్టినప్పటి డిశ్చార్జ్ కాగితం అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది. నొప్పులు చాలాసేపు పడటం, పుట్టగానే ఏడవకపోవడం, మొదటి రోజే ఫిట్స్, ఐసీయూలో మూడు వారాలు. ఏడాది వయసులో తీసిన ఎంఆర్ఐలో ఊపిరాడక దెబ్బతిన్న మెదడు ఆనవాళ్లు. ‘ఉమ్మనీరు మింగిండు’ అన్న తండ్రి మాట సత్యానికి అంత దూరమేమీ కాదు. అయినా అక్కడి డాక్టరు దాంతో ఆగలేదు. మన దగ్గర కొన్ని జన్యు జబ్బులు కూడా ‘పుట్టినప్పుడు ఏడవలేదు’ అన్న పేరు మీద ఏళ్ల తరబడి దాక్కుంటాయి. మేనరికంలో ఆ అనుమానం ఇంకా గట్టిగా ఉండాలి. పిల్లవాడి రక్తాన్ని ఎక్సోమ్ పరీక్షకు పంపారు, వేల జన్యువులను ఒకేసారి చదివే పరీక్ష అది. ఐదు వారాలు పడుతుందన్నారు. సుజాతకు అప్పటికి 14వ వారం. రిపోర్టు వచ్చేసరికి 19. ఏదైనా తేలితే సూది పరీక్ష, దాని ఫలితం, నిర్ణయం అన్నీ మిగిలిన కొద్ది వారాల్లో జరగాలి. మొదటి రోజే నేను అడగాల్సినట్టు అడిగి ఉంటే ఇంకో రెండు వారాలు చేతిలో ఉండేవి.

బతుకమ్మ మొదలైన వారంలో రిపోర్టు వచ్చింది. కారణమయ్యే జన్యులోపం ఏదీ దొరకలేదు. అనుమానం బాగా తగ్గిందని, సున్నా కాలేదని డాక్టరు రాశారు. ఆ సున్నా కాని మిగులుతో బతకగలవా అని సుజాతను అడిగాను. “ఇంత తెలిసినంక బతుకుత మేడమ్,” అంది. సూది పరీక్ష మాట అక్కడితో ఆగింది.

మిగతా నెలలు

ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్‌లో గుండెలో ఒక తెల్ల చుక్క కనిపించింది. భర్త స్కానింగ్ సెంటర్ మెట్ల మీద నుంచే ఫోన్ చేశాడు, అప్పటికే గూగుల్‌లో చదివేశాడు. ఎన్ఐపీటీ మంచిగా వచ్చాక ఆ చుక్కకు పెద్ద అర్థం లేదని చెప్పి ఇంటికి పొమ్మన్నాను. 2022 నుంచి సర్కారు దవాఖానాల్లోనూ టిఫా మిషన్లు పెట్టారు. డబ్బు పెట్టలేనివాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

28, 32 వారాల స్కాన్లు బాగున్నాయి. 36లో బిడ్డ బరువు కాస్త వెనకబడింది, రక్తప్రసారం బాగానే ఉంది, బీపీ పెరగలేదు. 36 వారాలకు ఆస్ప్రిన్ ఆపాను. 38 నిండాక, చెర్వుగట్టు జాతర రోజుల్లో, నొప్పులు తెప్పించాం. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారని ముందు రోజే అడ్మిట్ కమ్మన్నాను. మామూలు కాన్పు, 2 కిలోల 400 గ్రాములు.

లేబర్ రూమ్ తలుపు బయట అక్క నిలబడి ఉంది. నేను బయటికి రాగానే అందరూ ఆడా మగా అని అడిగారు. ఆమె మాత్రం, “పుట్టంగనే ఏడ్చిందా మేడమ్?” అంది.

ఏడ్చిందని చెప్పాను.

మా కేసు షీటులో ఇప్పుడు ఒక పేజీ ఎక్కువైంది. కుటుంబ వృక్షం గీసే పేజీ. సిస్టర్ ముందే కూర్చోబెట్టి గీస్తుంది. ‘జబ్బు ఉందా’ అని అడగొద్దని చెప్పాను. అక్కచెల్లెళ్లు ఎంతమంది, ఎవరిని ఎవరికిచ్చారు, వాళ్ల పిల్లలు ఏ క్లాసు చదువుతున్నారు అని అడుగుతుంది. బడికి పోని పిల్లలుంటే అప్పుడు బయటపడుతుంది. అత్తమ్మలు పక్కన ఉంటే ఈ పేజీ కూడా సగమే నిండుతుంది.

నెలన్నర తర్వాత బిడ్డకు టీకా వేయించడానికి వచ్చినప్పుడు అక్క తనకూ ఒక ఓపీ చీటీ రాయించుకుని లోపలికి వచ్చింది. ఇప్పుడు 36 ఏళ్లు. “చెల్లెకు రాసిన పరీక్షలన్ని నాకు గూడ రాస్తరా?”

“రాస్త. నీ వయసుకు 300లో ఒకటి ఉంటది, నెల తప్పంగనే రా, పన్నెండో వారం దాటనియ్యకు. కాని మీ బాబుకు అయింది మూడో నెల పరీక్షల దొరికేది కాదు. నీకు కాన్పు ఎక్కడ అన్నది ముందు మాట్లాడుకుందాం, కూర్చో.”